అమ్మానాన్నలతో డాలస్ నుంచి మాంటెరేకి బస్సులో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇది: డాలస్‌లో ఉంటున్నారు, మీది హెచ్-1బి ఉద్యోగ వీసా, పాస్‌పోర్టులో స్టాంపు (అంటే అతికించిన వీసా) ఇంకా చెల్లుతోంది. మీ భార్య చదువుకోవడానికి ఎఫ్-1 మీద వచ్చి, ఇక్కడే హెచ్-4కి, అంటే హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే స్టేటస్‌కు, మారారు. ఆవిడ ఎఫ్-1 స్టాంపు గడువు తీరిపోయింది, హెచ్-4 స్టాంపు ఎప్పుడూ వేయించుకోలేదు. అమ్మానాన్నలు బి-2 విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి విమానం వద్దు, బస్సులోనే మెక్సికో చూపించమంటున్నారు. నాలుగైదు రోజులు ఉత్తర మెక్సికోలోని మాంటెరే వెళ్ళి రావాలి. బోర్డర్ దగ్గర ఇబ్బంది ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

మీ నలుగురిలో ముగ్గురు రేపే బయల్దేరొచ్చు. మీ భార్య మాత్రం ఇప్పుడున్న కాగితాలతో బయల్దేరకూడదు. అడ్డు అమెరికా వైపు లేదు, మెక్సికో వైపు ఉంది. చాలామంది ఈ విషయం సగమే తెలుసుకుని వెళ్తారు కాబట్టి ముందు దీని గురించే వివరంగా చెప్తాను.

అమెరికాలో ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒక నియమం ఉంది. స్టాంపు గడువు తీరినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుతూ ఉండి, మెక్సికోకో కెనడాకో 30 రోజులు మించకుండా వెళ్ళొస్తే పాత స్టాంపుతోనే మళ్ళీ లోపలికి రానిస్తారు. స్టేటస్ ఇక్కడే మార్చుకున్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. కాబట్టి ఎఫ్-1 స్టాంపు ఉన్న పాస్‌పోర్టు, హెచ్-4 ఆమోదం వచ్చిన ఐ-797 కాగితం, దాని అడుగున ఉండే ఐ-94 ముక్క చేతిలో ఉంటే తిరిగి రావడానికి ఆవిడకు అడ్డు లేదు. ఒక్క షరతు గుర్తుంచుకోండి: అక్కడ ఉండగా అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. ఆ నియమం అమెరికా ఫెడరల్ నిబంధనల్లో 22 సీఎఫ్ఆర్ 41.112(డి)లో ఉంది. ఒక పేజీ ప్రింటు తీసి ఆవిడ ఫైల్లో పెట్టండి.

మెక్సికో లెక్క వేరు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు మామూలుగా మెక్సికో వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ ఉంటే అక్కర్లేదు. మీకూ అమ్మానాన్నలకూ స్టాంపు ఉంది కాబట్టి సరిపోతుంది. మీ భార్యకు ఐ-94 ఉన్నా, ఐ-797 ఉన్నా మెక్సికో అధికారి వాటిని లెక్కలోకి తీసుకోడు. అతను చూసేది స్టాంపు మీద తేదీ ఒక్కటే. అందుకని ముందు డాలస్‌లోని మెక్సికో కాన్సులేట్‌లో విజిటర్ వీసాకు అపాయింట్‌మెంట్ తీసుకోండి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐ-797, పెళ్ళి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. అపాయింట్‌మెంట్‌కు వారాలు పట్టొచ్చు. ఆ వీసా చేతికొచ్చాకే బస్సు టికెట్లు కొనండి.

ఒకప్పుడు మనవాళ్ళకు మెక్సికో అంటే స్టాంపింగే, అంటే అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసా వేయించుకోవడమే. మాటామోరోస్, నువేవో లారెడో, తిహువానా పేర్లు మనకు పరిచయమైంది అలాగే. అయితే 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ మాట మార్చింది. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాకు ఎవరి దేశంలో వాళ్ళు గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలంది. కాబట్టి 'ఎలాగూ వెళ్తున్నాం కదా, ఆవిడకు హెచ్-4 స్టాంపు కూడా వేయించేద్దాం' అన్న ఆలోచన ఏమైనా ఉంటే పక్కన పెట్టేయండి. పైన చెప్పిన వెసులుబాటు కూడా దాంతోనే పోతుంది.

ఇక బస్సు. డాలస్ నుంచి ఐ-35 మీద వేకో, ఆస్టిన్, శాన్ ఆంటోనియో దాటి లారెడో దాకా దాదాపు 690 కిలోమీటర్లు. అక్కడ రియో గ్రాండే నది. అవతలి ఒడ్డు నువేవో లారెడో, మెక్సికోలో తమావులిపాస్ రాష్ట్రం. అక్కణ్ణుంచి 85డి టోల్ రోడ్డు మీద మాంటెరేకి మరో 225 కిలోమీటర్లు. నేరుగా వెళ్తే, బోర్డర్ దగ్గర ఆగేది కలుపుకుని, పన్నెండు గంటలు ఎటూ పడుతుంది. టొర్నాడో, తూరిమెక్స్ లాంటి కంపెనీల బస్సులు టెక్సాస్ ఊళ్ళ నుంచి మాంటెరే వైపు తిరుగుతుంటాయి. టికెట్ కొనేటప్పుడు అడగాల్సింది ఒకటుంది: ఒకే బస్సు చివరిదాకా వెళ్తుందా, లారెడోలోనో నువేవో లారెడోలోనో మారాలా? అమ్మానాన్నలతో కాబట్టి నువేవో లారెడోలో మారనక్కర్లేని బస్సే తీసుకోండి. నువేవో లారెడో బస్టాండులో సామానుతో గంటలకొద్దీ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ఈ బస్సుల గురించి ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఇవి నడిచేది మెక్సికన్ కుటుంబాల కోసం. డాలస్‌లో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చిన తల్లి, శాన్ లూయిస్ పొతోసీలో పెళ్ళికి వెళ్ళే అన్నదమ్ములు, మనవళ్ళకు బట్టలూ బొమ్మలూ మోసుకెళ్ళే తాతలు. వాళ్ళు మెక్సికో పౌరులు, సొంత దేశంలోకి వెళ్ళడానికి వాళ్ళకు ఇమ్మిగ్రేషన్ కాగితం అక్కర్లేదు. అందుకని మెక్సికో వైపు బస్సు కస్టమ్స్ దగ్గర ఆగుతుంది గానీ, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు దగ్గర ఆగాలన్న నియమమేమీ డ్రైవరుకు లేదు. అడగకపోతే ముందుకు వెళ్ళిపోతాడు. దురుద్దేశంతో కాదు, బస్సులో ఆ కాగితం కావాల్సినవాళ్ళు ఉన్నారని అతనికి తెలియదు.

కాబట్టి బస్సెక్కేటప్పుడు ఒకసారి, లారెడోలో వంతెన ఎక్కబోయే ముందు మరోసారి డ్రైవరుకు చెప్పండి: 'నెసెసితో బహార్ ఎన్ మిగ్రసియోన్, పోర్ ఫవోర్'. ఇమ్మిగ్రేషన్ దగ్గర దిగాలి అని. నలుగురి పాస్‌పోర్టులూ చూపించండి, వెంటనే అర్థం చేసుకుంటాడు. అక్కడ పాస్‌పోర్టులో స్టాంపు గానీ, ఎఫ్‌ఎమ్‌ఎమ్ అనే విజిటర్ కాగితం గానీ ఇస్తారు. ఎన్ని రోజులు రాశారో కౌంటర్ దగ్గరే చూసుకోండి. 180 రోజుల దాకా ఇవ్వొచ్చన్నది చట్టం, ఎంత ఇవ్వాలన్నది అధికారి ఇష్టం. మీకు కావాల్సింది వారమే అయినా ఒకట్రెండు రోజులు ఎక్కువ ఉండేలా అడగండి. రుసుము కట్టమంటే పక్కనే బాన్‌హెర్సితో అనే బ్యాంకు కౌంటర్ ఉంటుంది, రశీదు పారేయకండి. ఈ రుసుము ఏటా మారుతుంది కాబట్టి బయల్దేరే వారం ఒకసారి చూసుకోండి, చేతిలో కొంత నగదు ఉంచండి.

ఆ కాగితం లేకుండా వెళ్తే ఏమవుతుంది? నువేవో లారెడో దాటాక 26వ కిలోమీటరు దగ్గర చెక్‌పోస్టు ఉంది. అక్కడ బస్సు ఎక్కి కాగితాలు అడుగుతారు. ఇండియన్ పాస్‌పోర్టు చూసి, అందులో మెక్సికో స్టాంపు లేకపోతే మిమ్మల్ని అక్కడే దింపేస్తారు. మెక్సికో మీదుగా అమెరికాలోకి దొంగదారిన వచ్చే మనవాళ్ళ సంఖ్య కొన్నేళ్ళ కిందట బాగా పెరగడంతో అక్కడి అధికారులు మన పాస్‌పోర్టును రెండుసార్లు చూస్తున్నారు. నొచ్చుకోకండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, మీ ఉద్యోగం లెటర్ ప్రింటు తీసి పెట్టుకుంటే మాట పెరగదు. ఫోన్లో చూపిస్తాం అనుకుంటే సరిగ్గా అప్పుడే సిగ్నల్ ఉండదు.

కస్టమ్స్ దగ్గర అందరూ సామానుతో దిగాలి, బ్యాగులు తనిఖీ చేస్తారు. మనవాళ్ళు పొరపాటు పడేది మందుల దగ్గర. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు అమెరికాలో షాపులో దొరుకుతాయి, మెక్సికోలో నిషేధం. సూడాఫెడ్ లాంటివి ఇంట్లోనే వదిలేయండి. నాన్నగారి బీపీ, షుగర్ మాత్రలు డబ్బాలో పోసుకోకుండా స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్ళండి. వేప్‌లు (ఈ-సిగరెట్లు) తీసుకెళ్ళకూడదు. తుపాకీ తూటా ఒక్కటి బ్యాగు మూలలో ఉండిపోయినా జైలు దాకా పోవచ్చు, కాబట్టి టెక్సాస్ మిత్రుల దగ్గర బ్యాగు అరువు తెచ్చుకుంటే అరలన్నీ దులపండి. అమ్మగారు పులిహోర కట్టి తెస్తే వంతెనకు ఇవతలే తినేయండి.

భద్రత గురించి మెత్తగా చెప్పను. తమావులిపాస్ రాష్ట్రానికి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన హెచ్చరిక నాలుగో స్థాయి, అంటే వెళ్ళొద్దనే. 2011లో శాన్ ఫెర్నాండో దగ్గర బస్సుల్లోంచి ప్రయాణికులను దింపి చంపారు, 193 శవాలు దొరికాయి. అది మీరు వెళ్ళే రోడ్డు కాదు, తూర్పున 101వ నంబరు రోడ్డు, రాష్ట్రం మాత్రం అదే. 2021లో మీరు వెళ్ళబోయే ఈ మాంటెరే-నువేవో లారెడో రోడ్డు మీదే పదుల సంఖ్యలో మనుషులు కనబడకుండా పోయారు. ఆ తర్వాత నేషనల్ గార్డ్ గస్తీ పెంచారు. రోజూ వేలమంది ఈ దారిలో వెళ్ళొస్తారన్నదీ నిజమే, ఈ చరిత్రా నిజమే. నాన్నగారికి రెండూ చెప్పండి. వినీ వెళ్దామంటే నేను పెట్టే షరతు ఒకటే: బోర్డర్ నుంచి మాంటెరే దాకా పగటి వెలుతురులోనే ప్రయాణం చేయాలి.

డాలస్ నుంచి సాయంత్రం బస్సులు దొరుకుతాయి, తెల్లవారుజామున లారెడో చేరతాయి. వయసైనవాళ్ళను రాత్రంతా కూర్చోబెట్టి, నిద్రమత్తులో చీకట్లో వంతెన దాటించడం నాకు నచ్చదు. మొదటిరోజు పగటి బస్సులో లారెడో దాకా వెళ్ళి అమెరికా వైపే హోటల్లో పడుకోండి. మర్నాడు పొద్దున బస్సులో దాటితే మధ్యాహ్నానికి మాంటెరేలో ఉంటారు. ఒక రాత్రి హోటల్ ఖర్చు పెరుగుతుంది. ఆ డబ్బు పెట్టదగ్గదే. పగలు ఐ-35 మీద నాన్నగారికి కిటికీ పక్క సీటు ముందు వరసలో అడగండి, ఆయనకు రోడ్డు కనబడాలి. లారెడో దగ్గరయ్యేకొద్దీ ట్రక్కులు బారులు తీరి ఉంటాయి. అమెరికా-మెక్సికో మధ్య లారీ సరుకు అన్నిటికంటే ఎక్కువగా దాటేది ఆ ఊరు మీదుగానే. ట్రక్కులకు వేరే వంతెన ఉంది, వరల్డ్ ట్రేడ్ వంతెన. మీ బస్సు వెళ్ళేది 1976లో తెరిచిన హువారెస్-లింకన్ వంతెన మీద. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఇవన్నీ చూడ్డానికి బాగుంటాయి. 85డి ఎక్కాక రోడ్డు ప్రయాణం హైదరాబాద్ నుంచి బెజవాడకు వోల్వోలో వెళ్ళినంత సాఫీగా ఉంటుంది. ఎదురుగా కొండలు పెరుగుతూ వస్తాయి.

నువేవో లారెడోలో బస్సు ఆగినా బస్టాండు దాటి బయటికి వెళ్ళకండి. టాక్సీ పిలవద్దు, ఊరు చూద్దామనుకోవద్దు. సామాను టోకెన్ ముక్క జాగ్రత్త, అది చూపిస్తేనే మాంటెరేలో బ్యాగు ఇస్తారు. బాత్రూముకు పెసోల చిల్లర కావాలి. మాంటెరే బస్టాండు కొలోన్ అవెన్యూ మీద ఉంటుంది, మెట్రో పక్కనే. మీరు సామానుతో కాబట్టి ఉబర్ పిలుచుకోండి. ఊళ్ళో చూడాల్సినవి మీరు వెతుక్కోగలరు. 1986లో మూతపడ్డ ఉక్కు కర్మాగారాన్ని పార్కుగా మార్చిన ఫుందిదోరా, అక్కణ్ణుంచి కాలువ వెంబడి పడవలో వెళ్ళే సాంతా లూసియా మాత్రం అమ్మానాన్నలకు వదలొద్దు. శాకాహారులైతే ఒక జాగ్రత్త: ఉత్తర మెక్సికోలో బీన్స్‌లోనూ గోధుమ తోర్తియాల్లోనూ పంది కొవ్వు వేయడం మామూలు. 'సిన్ కార్నే, సిన్ మాంతేకా' అని రెండూ చెప్పాలి. మాంసం వద్దు అని ఒక్కటే చెప్తే కొవ్వు వస్తుంది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. అసలు టెన్షన్ ఇక్కడే, ఎందుకంటే బస్సుకు టైము ఉంటుంది, మీ కాగితాలకు ఎంత టైము పడుతుందో ఎవరూ చెప్పలేరు. అమెరికా వైపు అందరూ సామానుతో దిగి వరసలో నిలబడతారు. గ్రీన్ కార్డులు, అమెరికా పాస్‌పోర్టులు ఉన్నవాళ్ళు చకచకా అయిపోతారు. మిమ్మల్ని లోపల ఐ-94 చూసే కౌంటర్‌కు పంపే అవకాశం ఎక్కువ. అక్కడ గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. అంతసేపు బస్సు ఆగకపోవచ్చు. ఇలా బస్సు వెళ్ళిపోయి, పెద్దవాళ్ళతో లారెడోలో దిక్కులు చూస్తూ నిలబడ్డ ఒక కుటుంబాన్ని నేను చూశాను. టికెట్ కొనేటప్పుడే అడగండి, ఆలస్యమైతే అదే టికెట్ మీద తర్వాతి బస్సు ఎక్కనిస్తారా అని. నేనైతే తిరుగు టికెట్‌ను రెండు ముక్కలుగా కొంటాను: మాంటెరే నుంచి లారెడోకు ఒకటి, లారెడో నుంచి డాలస్‌కు నాలుగైదు గంటలు వదిలి మరొకటి.

కొత్త ఐ-94 ఇస్తే మనిషికి 30 డాలర్లు, 2025 సెప్టెంబరు చివరి దాకా 6 డాలర్లే ఉండేది. ముందే ఆన్‌లైన్లో దరఖాస్తు చేసి డబ్బు కట్టే సౌకర్యం ఉంది, ఏడు రోజుల లోపు దాటాలి. అది చేసి వెళ్తే కౌంటర్ దగ్గర కొంత పని తగ్గుతుంది. మీ పాత ఐ-94 ఇంకా చెల్లుతుంటే దాని మీదే రానివ్వొచ్చు కూడా. మీ భార్య మాత్రం ఐ-797 కింద ఉన్న ఐ-94 మీదే రావాలి, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటే అదే. ఆ మాట అధికారికి మొదటే మర్యాదగా చెప్పండి, ప్రింటు అందుకే.

మీ విషయంలో రెండు తేదీలు చూసుకోండి. మీ పాస్‌పోర్టు గడువు హెచ్-1బి గడువు కంటే ముందే తీరిపోతుంటే కొత్త ఐ-94ను పాస్‌పోర్టు తేదీ దాకానే ఇస్తారు, తర్వాత అది పెద్ద తలనొప్పి. అలాగే హెచ్-1బి పొడిగింపు వచ్చి ఉంటే కొత్త ఐ-797 చూపించండి, లేకపోతే స్టాంపు మీదున్న పాత తేదీ రాసేస్తారు. ఇంటికి చేరాక సీబీపీ (అమెరికా కస్టమ్స్, బోర్డర్ శాఖ) వెబ్‌సైట్‌లో నలుగురి ఐ-94లూ తీసి తేదీలు సరిచూడండి. తప్పుంటే ఆ వారంలోనే దిద్దించుకోవడం తేలిక.

అమ్మానాన్నల సంగతి. మెక్సికో వెళ్ళొస్తే మళ్ళీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. పాత తేదీతోనే రానివ్వొచ్చు. ఆరు నెలలు పొడిగించుకోవడానికే దాటారని అధికారికి అనిపిస్తే ప్రశ్నలు పెరుగుతాయి. ఇండియాకు తిరుగు విమానం టికెట్ చూపించండి, ఎందుకు వెళ్ళారంటే ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, కుటుంబం కాబట్టి నలుగురూ కలిసే కౌంటర్ దగ్గరికి వెళ్ళండి. పళ్ళు, మొక్కలు, మాంసం ఏదున్నా ముందే చెప్పండి. చెప్పకుండా దొరికితే జరిమానా 300 డాలర్ల నుంచి మొదలవుతుంది. కుటుంబంలో ఎవరికైనా స్టేటస్ మార్పు దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే అసలు దేశం దాటకండి, దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

లారెడో దాటి ఐ-35 మీద దాదాపు 29 మైళ్ళు వచ్చాక బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. బస్సు మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ అడుగుతారు. పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు కింద లగేజీలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచండి. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు అవి వెంట ఉంచుకోవాలన్నది ఎలాగూ చట్టమే.

తిరుగు టికెట్ కొనేటప్పుడు గడియారం సంగతి కూడా చూడండి. మెక్సికో 2022లో వేసవి సమయం మార్చడం మానేసింది, బోర్డర్ పక్క ఊళ్ళు తప్ప. నువేవో లారెడో టెక్సాస్‌తో పాటే ముందుకు జరుపుకుంటుంది, మాంటెరే జరుపుకోదు. అంటే వేసవిలో మాంటెరేలో పది అయితే లారెడోలో పదకొండు. పొద్దున ఎనిమిదికి మాంటెరేలో ఎక్కి మూడున్నర గంటల్లో వంతెన దగ్గరికి వచ్చారనుకోండి, అక్కడ పన్నెండున్నర అయి ఉంటుంది. వంతెన దగ్గర పట్టే టైము దానికి కలిపి, డాలస్ బస్సు సాయంత్రం ఐదు తర్వాతది చూసుకోండి.

మీ భార్య కాన్సులేట్ అపాయింట్‌మెంట్ తేదీ వచ్చాక రాయండి, ఆ వారానికి ఏ బస్సు బాగుంటుందో చెప్తాను.